రెండో క్యాచర్ కోసం కొన్న తోలు మిట్

నెల్లూరు దుకాణాల్లో వికెట్ కీపింగ్ గ్లవ్స్ ఎన్ని రకాలైనా చూపిస్తారు గానీ, బేస్‌బాల్ క్యాచర్ మిట్ (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టే ఆటగాడి మందపాటి చేతి తొడుగు) కావాలంటే మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. మా పాఠశాల జట్టుకు నేను తెప్పించిన 33.5 అంగుళాల చుట్టుకొలత గల తోలు మిట్ రూ.4,200 పడింది. దానిని మొదటి క్యాచర్‌కు కాక రెండో క్యాచర్‌కు ఇచ్చాను, ఎందుకంటే మా దగ్గర ఎక్కువ బంతులు పట్టేది అతడే.

వృత్తి జట్లలో బంతి విసిరే పిచ్చర్లను మైదానంలోకి దిగేముందు సిద్ధం చేయడానికి బుల్‌పెన్ (సాధన చోటు) క్యాచర్లు వేరుగా ఉంటారు; పాఠశాల జట్టులో ఆ చాకిరీ అంతా రెండో క్యాచర్ మీదే పడుతుంది. అమెరికా మేజర్ లీగ్‌లో 162 మ్యాచ్‌ల సీజన్ పొడవునా ఒక్కడే మోకాళ్లు మడిచి కూర్చోలేడు గనుక, మొదటి క్యాచర్ విశ్రాంతి తీసుకునే రోజుల్లోనో, ఒక ప్రత్యేకమైన పిచ్చర్ దిగినప్పుడో రెండో క్యాచర్‌కు అవకాశం వస్తుంది. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు పిచ్చర్ టిమ్ వేక్‌ఫీల్డ్ వేసిన, దాదాపు గిర్రున తిరగకుండా వచ్చే నకుల్ బాల్ చివరి క్షణం వరకు ఎటు తిరుగుతుందో తెలియదు. దానిని పట్టేవాడు లేక ఇబ్బంది పడిన ఆ జట్టు, తామే వదులుకున్న రెండో క్యాచర్ డగ్ మిరబెల్లిని 2006 మేలో తిరిగి తెప్పించుకుని, విమానాశ్రయం నుంచి పోలీసు వాహనంలో మైదానానికి చేర్చింది. రెండో క్యాచర్‌గా బెంచీ మీద ఎక్కువ కాలం గడిపిన డేవిడ్ రాస్ 39 ఏళ్ల వయసులో షికాగో కబ్స్ తరఫున 2016 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ తుది పోరు) ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టి, 2020 నుంచి 2023 సీజన్ వరకు అదే జట్టుకు మేనేజరుగా (ప్రధాన కోచ్‌గా) పనిచేశాడు. అటువంటివారి చేతి పని ఎంతటిదో మిట్ కొనేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఇక వస్తువు సంగతి. కొత్తలో ఇది చెక్కలా బిగుసుకుని, పడిన బంతిని పడినట్టే బయటికి నెట్టేసేది. నడుమ బంతి పెట్టి, గుడ్డపీలికతో బిగించి రాత్రంతా ఉంచుతూ వస్తే క్రమంగా గుంట ఏర్పడింది. తోలు నాణ్యమైనదే గానీ చూపుడువేలి మొదట్లో మెత్త పలచగా ఉంది. అక్కడ బంతి తగిలి పిల్లవాడి చెయ్యి కందిపోతుంటే, లోపల వికెట్ కీపర్లు గ్లవ్స్ కింద వేసుకునే పలచని ఇన్నర్ తొడిగించాను. ఆ తరువాత అతడు ఫిర్యాదు చేయలేదు.

వల భాగాన్ని పట్టి ఉంచే తోలుతాడు మాత్రం నాసిరకం. తెగిన తాడు ఫోటో పంపితే అమ్మకందారు మరో ఫోటో అడిగాడే తప్ప తాడు పంపలేదు. చివరికి మా వీధి చెప్పులు కుట్టే పెద్దాయన మందపాటి తాడు ఎక్కించి ఇచ్చాడు. అది కంపెనీ తాడు కంటే గట్టిగా ఉంది. కార్తీకమాసపు వానలకు మన నెల్లూరులో తోలుకు బూజు పట్టడం మామూలే కనుక, ఆట ముగిశాక తుడిచి నీడన ఆరబెట్టాలి. నూనె ఎక్కువ పూస్తే మిట్ బరువెక్కుతుంది.

సాధనకు దీనికి నాలుగు స్టార్ల రేటింగ్ ఇస్తాను. వేగంగా విసిరే పిచ్చర్ ఉన్న జట్టు మ్యాచ్‌కైతే మూడే. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు 32 లేదా 32.5 అంగుళాలది తీసుకోవడం మేలు. ఆర్డరు పెట్టే ముందు అది ఏ చేతికి తొడిగేదో చూసుకోవాలి. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతి మిట్ కావాలి.