పొలానికి గంబూట్లు: పీవీసీ మేలా, రబ్బరు మేలా?

వరి రైతుకు గంబూట్లు ఎందుకు, బురదలో ఇరుక్కుపోతాయి కదా అనేవారు మా గోదావరి డెల్టాలో ఇప్పటికీ ఎక్కువే. అందులో సగం నిజముంది. దమ్ము చేసిన మడిలో నాట్లు వేసేటప్పుడు ఒట్టికాళ్లకు సాటి లేదు. మెత్తని బురద బూటును పట్టేస్తుంది. కాలు పైకొస్తుంది, బూటు అక్కడే ఉండిపోతుంది. కానీ గట్ల మీద తిరగడానికి, నీటికి మడవ కట్టడానికి, వరికోతకు, పశువుల పాక కడగడానికి ఒట్టికాళ్లతో వెళ్లడాన్ని నేను ఒప్పుకోను.

కారణం రక్తపింజరి పాము. ఎలుకల కోసం గట్ల మీదికి, కోసిన వరి పనల కిందికి చేరుతుంది. మట్టిలో కలిసిపోయే రంగుతో కదలకుండా పడి ఉంటుంది, తొక్కితే గానీ తెలియదు. కాటు ఎక్కువగా పాదం మీదో, చీలమండ దగ్గరో పడుతుంది. మా బాబాయికి కోతల రోజుల్లో అలాగే పడింది. ప్రాణం దక్కింది గానీ ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. ఆ రోజు ఆయన కాళ్లకున్నవి హవాయి చెప్పులు. మోకాలి కింది వరకు వచ్చే దళసరి బూటు ప్రతి కాటునూ ఆపుతుందని హామీ ఇవ్వలేను. కోరలు చర్మం దాకా చేరే అవకాశాన్ని మాత్రం బాగా తగ్గిస్తుంది. (కట్లపాము సంగతి వేరు. అది ఎక్కువగా రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. దానికి మంచం, దోమతెర కావాలి.) ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి కాలి పగుళ్ల ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకూ బూటు ఒక అడ్డు.

అందుకే చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు నాకు నచ్చవు. తేలికే, చవకే. కానీ పిక్కకు రక్షణ ఉండదు, కాస్త లోతు నీటిలో అడుగుపెడితే పైనుంచి నీళ్లు నిండిపోతాయి.

ఇక పీవీసీ, రబ్బరు. పీవీసీ ఒక రకం ప్లాస్టిక్. ఆ బూటును అచ్చులో ఒకే ముక్కగా పోస్తారు, అతుకులుండవు. పల్లెల్లో సులువుగా దొరుకుతుంది, ధర తక్కువ. డీజిల్, గ్రీజు పడినా రబ్బరంత తొందరగా పాడవదు. ట్రాక్టరు దగ్గర, ఇంజను షెడ్డులో పనిచేసేవారికి అదే మేలు. దాని లోపం బిరుసుదనం. వేళ్ల దగ్గర మడత పడే చోట కొన్నాళ్లకు చీలుతుంది.

సహజ రబ్బరు పాదంతో పాటే వంగుతుంది, తడి నేల మీద పట్టు ఎక్కువ. పచ్చి రబ్బరు ఎండకు జిగురులా, చలికి పెళుసుగా మారేది. ఆ లోపం పోయేలా గంధకం కలిపి వేడిచేసే పద్ధతికి అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందాడు. రబ్బరు బూట్లు నిలదొక్కుకున్నది ఆ పద్ధతితోనే. అయినా డీజిల్ తగిలితే ఉబ్బుతుంది, ఎండలో వదిలేస్తే పగుళ్లిస్తుంది. ధర కూడా ఎక్కువ.

గట్ల మీద గంటల తరబడి నడిచేవారికి రబ్బరునే చెబుతాను. అయితే డబ్బు లెక్క వేసుకుంటే నా సలహా మారుతుంది. యజమాని తనకొక్కడికే మంచి రబ్బరు జత కొనుక్కోవడం కంటే కోతకు వచ్చే కూలీలందరికీ పీవీసీ జతలు కొనడం మంచిది. పాము ముందు చేయి పడేది, అడుగు పడేది వాళ్లవే. ముఖ్యంగా ఆడవాళ్ల సంగతి చూడండి. కలుపు, కోత వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. మా దగ్గరి దుకాణాల్లో మాత్రం 8, 9 నంబర్లు తప్ప దొరకవు. వాళ్లకు 4, 5 నంబర్లు అడిగి తెప్పించాలి. వదులు బూటు బురదలో ఊడిపోతుంది, మడమ ఒరిసి బొబ్బలెక్కిస్తుంది.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. దళసరి మేజోళ్లు తొడిగి చూడండి. మడమ వెనక ఒక వేలు దూరేంత ఖాళీ చాలు. అడుగున గాళ్లు లోతుగా, దూరదూరంగా ఉండాలి. సన్నని గాళ్లలో నల్లరేగడి ఇరుక్కుని నాలుగు అడుగులకే అడుగు నున్నగా మారుతుంది.

బురదలో బూటు దిగబడితే ఒక్కసారిగా లాగకండి. మడమను ముందు అటూఇటూ కదిలించి, గాలి లోపలికి దూరాక నెమ్మదిగా ఎత్తండి. పురుగుమందు కొట్టే రోజున ప్యాంటును బూటు బయటికే వదలాలి, లేకుంటే మందు కారి నేరుగా లోపలికి పోతుంది. బురద పనికి మాత్రం లోపలికి దోపుకోవాలి. పని అయ్యాక కడిగి, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి నీడలో ఆరబెట్టండి. తడి బూటునే రోజూ తొడిగితే వేళ్ల సందులు పాచిపోతాయి. పొద్దున తొడిగే ముందు తలకిందులు చేసి రెండుసార్లు నేలకు కొట్టండి. మా వసారాలోని బూటులోంచి ఒకసారి తేలు పడింది.