పంచమం దగ్గర ఆగిన చెవి: వాషింగ్టన్ నేషనల్ సింఫనీ రికార్డింగులతో పదకొండేళ్లు

నా వృత్తి వయొలిన్ నేర్పడం. తిరుపతిలో పగలంతా పిల్లల చేత సరళీ స్వరాలు, అన్నమయ్య సంకీర్తనలు వాయింపించి, రాత్రి పది దాటాక వాషింగ్టన్‌లోని నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా రికార్డింగులు వినడం పదకొండేళ్లుగా నాకు అలవాటు. ఇన్నేళ్లలో ఒక్క రికార్డింగు విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారింది కనుక, ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

1982లో ఈ ఆర్కెస్ట్రా రోస్ట్రోపోవిచ్ నిర్వహణలో (అంటే ఆయన కండక్టర్‌గా ముందు నిలిచి నడిపించగా) డాయిష్ గ్రామఫోన్ రికార్డుల సంస్థకు చేసిన సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ అయిదవ సింఫనీ, అంటే పలు భాగాల ఆర్కెస్ట్రా కృతి, అది. మొదట విన్నప్పుడు ముగింపును మరీ సాగదీశారనిపించింది. నిర్వాహకులు చాలామంది విజయోత్సాహంతో పరుగెత్తించే చోట ఈయన విలంబంలో నడిపించారు. ఆ ముగింపు డి మేజర్‌లో, అంటే ‘డి’ ఆధార స్వరంగా గల పాశ్చాత్య స్వరక్రమంలో, ఉంటుంది. ఇత్తడి వాద్యాలు గట్టిగా మోగుతుండగా వయొలిన్లు ‘ఎ’ అనే ఒక్క స్వరాన్నే మళ్లీ మళ్లీ వాయిస్తాయి. డిని షడ్జమంగా పెట్టుకుంటే ఎ పంచమమవుతుంది. మన చెవికి పంచమం విశ్రాంతినిచ్చే స్వరం. దాన్నే ఇంత నెమ్మదిగా, ఇంత బలంగా, ఊపిరి సలపనివ్వకుండా కమానుతో పలికిస్తుంటే, సంతోషించి తీరాలని ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్లు వినిపిస్తుంది. 1936లో సోవియట్ పత్రికలో తీవ్ర ఖండనకు గురైన స్వరకర్త మరుసటి ఏడాది రాసిన కృతి ఇదని, మాస్కో సంగీత విద్యాలయంలో రోస్ట్రోపోవిచ్ ఆయన దగ్గర చదువుకున్నారని తెలిశాక ఆ విలంబం ఎందుకో నాకు బోధపడింది. మూడవ భాగంలో ఇత్తడి వాద్యాలు అసలే ఉండవు, వయొలిన్లు మూడు వరుసలుగా విడిపోతాయి. అక్కడ తంత్రీ విభాగం చూపిన నిగ్రహాన్ని నా విద్యార్థులకు ఎన్నోసార్లు వినిపించాను. తొలినాటి డిజిటల్ ముద్రణ కావడం వల్ల తారస్థాయిలో నాదం కొంత గరుకుగా ఉండడం మాత్రం లోపమే.

ఈ ఆర్కెస్ట్రాను 1931లో స్థాపించిన హాన్స్ కిండ్లర్ కూడా రోస్ట్రోపోవిచ్ లాగే సెల్లో (వయొలిన్ కంటే పెద్దదైన తంత్రీవాద్యం) విద్వాంసుడు. 1970 నుంచి 1977 వరకు సంగీత దర్శకుడిగా ఉన్న అంతాల్ దొరాతి కాలానికి తగిన గుర్తింపు రాలేదని నా నమ్మకం. వందమంది గాయకులు, ఏడుగురు ఏకవాద్య కళాకారులు పాల్గొనే, ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ రాసిన పద్నాలుగు భాగాల కృతి ‘రూపాంతరం’ను ఆయన డెక్కా సంస్థకు రికార్డు చేయించారు, అది ఒక్క విడతలో వినదగినది కాదు, నేను రోజుకు రెండు భాగాల చొప్పున విన్నాను.

రోస్ట్రోపోవిచ్ తరువాత సంగీత దర్శకుడైన స్లాట్కిన్ నిర్వహణలో ఈ ఆర్కెస్ట్రా చేసిన అమెరికన్ స్వరకర్త కొరిలియానో మొదటి సింఫనీ రికార్డింగుకు గ్రామీ పురస్కారం లభించింది. ఎయిడ్స్‌తో మరణించిన మిత్రుల స్మృతిలో రాసిన ఆ కృతిలో వేదిక వెనుక నుంచి పియానో మీద ఒక పాత టాంగో లీలగా వినిపించే ఘట్టాన్ని హెడ్‌ఫోన్లు లేకుండా వింటే సగం చేజారిపోతుంది.

1978లో సోవియట్ పౌరసత్వం కోల్పోయిన రోస్ట్రోపోవిచ్, 1990 ఫిబ్రవరిలో ఇదే ఆర్కెస్ట్రాతో మాస్కో వెళ్లి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరవ సింఫనీ వినిపించారు. సోనీ సంస్థ విడుదల చేసిన ఆ కచేరీ ముద్రణలో వాదనం అక్కడక్కడ తడబడినా, చివరి భాగంలోని దుఃఖం స్టూడియో ముద్రణల్లో నాకు ఎక్కడా దొరకలేదు. కొత్తగా వినదలచినవారు ముందు షోస్టకోవిచ్ అయిదవదాన్ని, ఆ తరువాత దీన్ని వినాలని నా సూచన.