హంటింగ్టన్ వ్యాధి పరిశోధన సామగ్రి భాండాగారం: ఒక పరిశీలన

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, క్యామ్డెన్‌లో కోరియెల్ సంస్థ నిర్వహిస్తున్న హంటింగ్టన్ వ్యాధి (మెదడును దెబ్బతీసే వంశపారంపర్య వ్యాధి) భాండాగారాన్ని నేను పరిశోధకులకు ఎంతో విలువైన సేవగా భావిస్తాను. సీహెచ్‌డీఐ ఫౌండేషన్ అనే హంటింగ్టన్ వ్యాధి పరిశోధన సంస్థ ఆర్థిక సాయంతో నడిచే ఈ భాండాగారం పట్టికలో యాంటీబాడీలు (నిర్దిష్ట ప్రొటీన్లను గుర్తించేవి), ప్లాస్మిడ్‌లు (జన్యువులను చేర్చి బ్యాక్టీరియాలో పెంచే చిన్న డీఎన్ఏ వలయాలు), కణశ్రేణులు (ప్రయోగశాలలో పెంచుతూ వచ్చే కణాలు) ఒకేచోట దొరుకుతాయి కనుక, ఒక ప్రయోగశాలలో తయారైన దాన్ని మరొకరు నెలల తరబడి శ్రమించి మళ్ళీ తయారుచేయనవసరం లేదు. 1993లో గుర్తించిన ఈ వ్యాధి జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాల వరుస 40 లేదా అంతకన్నా ఎక్కువసార్లు పునరావృతమైతే వ్యాధి దాదాపు తప్పదు. అందుకే ఏ నమూనాలోనైనా ఆ సంఖ్యే కీలకం. పొడవైన వరుసలు బ్యాక్టీరియాలో పెంచేటప్పుడు కుదించుకుపోయే అవకాశం ఉంది గనుక, పట్టికలోని అంకెతో సరిపెట్టుకోకుండా, ప్లాస్మిడ్‌ను పెంచిన ప్రతిసారీ సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల క్రమాన్ని చదివే పరీక్ష) చేయించి చూసుకోవాలి. ప్రయోగాల కోసం ఈ వ్యాధి జన్యుమార్పుతో పెంచిన ఎలుకలు కావాలంటే మాత్రం అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీని సంప్రదించాలి.