ఆరూల్, బ్యాస్లగ్: మంగోలియా పాడిలో రెండు రుచులు

మంగోలియా పశుపోషకులు కాచిన పాలను పుల్లటి పెరుగుతో విరిచి, గుడ్డలో కట్టి, బరువు కింద నొక్కి బ్యాస్లగ్ చేస్తారు. అది మన పనీర్‌కు దగ్గరగా, చప్పగా ఉంటుంది. ఆరూల్ పని పెద్దది: పాలను పులియబెట్టి, ఆ పెరుగును మరిగించి, లేదా పాలసారా బట్టీ పట్టగా మిగిలిన ముద్దను తీసుకుని, వడగట్టి, ముక్కలు కోసి, వేసవి ఎండలో గుడారపు కప్పు మీద రాయిలా గట్టిపడేదాకా ఆరబెడతారు. కొరకడం కష్టం కనుక చప్పరిస్తారు. బ్యాస్లగ్ తాజాగా తింటే రుచే. అయితే నెలల తరబడి చెడకుండా, సంచార జీవితంలో తేలికగా వెంట వచ్చేది ఆరూలే. అతిథికి అందించే పళ్లెంలోనూ, చాంద్రమాన నూతన సంవత్సరమైన త్సగాన్ సార్ నాడు పేర్చే రొట్టెల దొంతర మీదా కనిపించే ఆరూల్‌కే, తెలుపును శుభంగా భావించే ఆ సంస్కృతిలో పెద్దపీట అని నా అభిప్రాయం.