గేరు లేని సైకిలు, విశాఖ ఎత్తులు: మూడేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్ష ఒక మామూలు సైకిలుది. దీనికి గేర్లు లేవు, డిస్క్ బ్రేకులు లేవు, ముందు షాకబ్జార్లూ లేవు. ఇనప ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, 1.95 అంగుళాల వెడల్పు టైర్లు, రిమ్ముని రెండు వైపులా రబ్బరుతో పట్టే వి-బ్రేకులు. ముందు చైన్‌వీలుకి 44 పళ్లు, వెనక చక్రం మీది పళ్ల బిళ్ల, అంటే ఫ్రీవీలుకి 18. ఎంవీపీ కాలనీలో గది, ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) ఇంజినీరింగ్ కాలేజీలో క్లాసులు, సాయంత్రం పెదవాల్తేరులో ట్యూషన్, ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు. వాడకం ఇంతే. బీటెక్ మొదటి ఏడాదిలో కొన్నది ఇప్పుడు ఫైనలియర్ డిసెంబరు దాకా వచ్చింది. కంపెనీ ఏదన్నది పెద్ద విషయం కాదు, ఈ ధరలో దొరికే సైకిళ్లన్నిటి లోపలి సామానూ ఇంచుమించు ఒకటే.

విశాఖలో సైకిలుకి ఇద్దరు శత్రువులు: ఎత్తులు, ఉప్పుగాలి. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటిదాన్ని చూసి బెదిరి గేర్ల సైకిలు కొంటాడు. రెండో ఏడాదికి దాన్ని తుప్పు తినేస్తుంది. హాస్టళ్ల స్టాండుల్లో గేరు మార్చే వెనక డిరైలర్ బిగుసుకుపోయి, ఒకే గేరులో ఇరుక్కున్న సైకిళ్లు ఎన్ని పడున్నాయో చూస్తే అర్థమవుతుంది. ఇరవయ్యొక్క గేర్లకి డబ్బు పోసి, చివరికి తొక్కేది ఒక్కదాంతోనే. పోనీ ఆ ఒక్కటీ ఎత్తెక్కేదా అంటే, కాదు.

ముందు ఎత్తుల సంగతి. కంపెనీ నుంచి వచ్చిన 44-18 జోడీ చదునైన ఊళ్లకి సరిపోతుంది. ఒకసారి పెడల్ తిప్పితే సైకిలు 5 మీటర్లు పోతుంది. ఎంవీపీలో ఇది హాయే. వుడా పార్కు నుంచి పెదవాల్తేరు వైపు ఎక్కేటప్పుడూ, బీచ్ నుంచి పాండురంగాపురం మీదుగా పైకి వచ్చేటప్పుడూ మాత్రం మోకాళ్లు లాగేస్తాయి. దీనికి మందు వెనక ఫ్రీవీలు మార్చడం. 18 పళ్లది తీసి 22 పళ్లది వేస్తే ఒక తొక్కుకి 4.1 మీటర్లే పోతుంది, కాబట్టి ఎత్తు మీద అయిదో వంతు బలం తక్కువ పెడితే చాలు. పోయేదేంటంటే చదునులో వేగం. నిమిషానికి 70 సార్లు తొక్కేవాడికి 18 పళ్లతో గంటకి 21 కిలోమీటర్లు వస్తే, 22తో 17 వస్తుంది. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో అంతకన్నా వేగం ఎలాగూ కుదరదు.

మార్పించేటప్పుడు రెండు చూసుకోవాలి. నాలుగు పళ్లు పెరిగాయి కాబట్టి చైను ఒక అంగుళం తక్కువ పడుతుంది. వెనక చక్రాన్ని ఇరుసు కూర్చునే స్లాటులో అర అంగుళం ముందుకి జరిపితే సరిపోతుంది. అంత చోటు లేకపోతే ఒక జత లింకులు కలపాలి. రెండోది, పాత ఫ్రీవీలు విప్పడానికి దాని గాడికి సరిపడే రిమూవర్ ఉండాలి. అది లేని షాపులో ఉలి పెట్టి సుత్తితో కొడతారు, దాంతో హబ్బు (చక్రం నడిమి భాగం) మర దెబ్బతింటుంది. "అన్నా, రిమూవర్ ఉందా?" అని ముందే అడిగి, లేదంటే ఇంకో షాపు చూసుకోవడం మేలు. కొత్తది బిగించే ముందు మరకి గ్రీజు రాయించాలి, లేకపోతే మళ్లీ విప్పాల్సిన రోజున అది రాదు.

ఇక అసలు బాధ, ఉప్పుగాలి. సముద్రం నుంచి వచ్చే తేమలో సన్నని ఉప్పు ఉంటుంది. అది లోహం మీద కూర్చుని గాలిలోని చెమ్మని పీల్చుకుంటూనే ఉంటుంది, అందుకే వాన లేని రాత్రుల్లో కూడా తుప్పు పని ఆగదు. చాలామంది పొడిగుడ్డతో తుడిచి ఊరుకుంటారు. దాంతో దుమ్ము పోతుంది కానీ ఉప్పు సందుల్లోకి చేరుతుంది. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు ఒక బకెట్ మంచినీళ్లు, పాత గుడ్డ తీసుకుని ఫ్రేము, పుల్లలు, రిమ్ములు, నట్లు కడిగి ఆరబెట్టాలి. నీళ్లు పై నుంచి పోయాలి. పైపు పెట్టి హబ్బుల మీదా, పెడళ్ల దగ్గరా జోరుగా కొడితే గ్రీజు కొట్టుకుపోయి బేరింగులు పాడవుతాయి. వారానికి ఒకసారి ఇలా కడిగిన సైకిలుకీ, కడగని సైకిలుకీ తేడా మొదట పుల్లల మీద కనిపిస్తుంది. కడగనివి ఏడాదిలోపే గోధుమ రంగుకి తిరుగుతాయి. తర్వాత వెనక చక్రంలో ఫ్రీవీలు వైపున, హబ్బు దగ్గర వంపు తిరిగే చోట ఒక్కొక్కటే విరుగుతాయి. ఒకటి విరిగితే రింగు బెండు వస్తుంది. అదే రోజు మార్చకపోతే పక్కవాటి మీద బరువు పడి అవీ పోతాయి.

పైకి కనపడని తుప్పు ఇంకొకటి ఉంది. సీటు గొట్టం ఫ్రేము లోపల బిగుసుకుపోతుంది. గొట్టం అల్యూమినియంది, ఫ్రేము ఇనుముది అయితే మరీ తొందరగా పడుతుంది. రెండు లోహాల మధ్య ఉప్పునీటి చెమ్మ చేరితే అవి అతుక్కుపోతాయి. మూడు నెలలకి ఒకసారి సీటు మొత్తం పైకి లాగి, తుడిచి, గ్రీజు రాసి, మళ్లీ అదే ఎత్తుకి బిగించాలి. ఎంత ఎత్తులో ఉందో ముందే గొట్టం మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే సులువు. హ్యాండిల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే స్టెముకీ ఇదే పని. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు మొట్టమొదట చూడాల్సింది ఇదే. సీటు కదలకపోతే ఆ సైకిలు వద్దు, పెయింటు ఎంత మెరుస్తున్నా సరే.

చైను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు నూనె వేస్తారు. షాపుల్లో పోసే పాత ఇంజన్ ఆయిలు చిక్కగా, నల్లగా అంటుకుంటుంది. ఆర్కే బీచ్ దగ్గర నిలిపితే ఇసుక వచ్చి దానికి పట్టుకుంటుంది. నూనె, ఇసుక కలిసి ఉప్పుకాగితం లాగా పళ్లని అరగదీస్తాయి. కొబ్బరినూనె కొన్నాళ్లకి జిగురవుతుంది. కుట్టుమిషను నూనె పలచన, ఇసుకని పట్టుకోదు, లింకుల లోపలికి దిగుతుంది. దాని లోపం, వానకి కడుక్కుపోవడం. అందుకని పొడి రోజుల్లో పదిహేను రోజులకి ఒకసారి, వానలో తడిసిన ప్రతిసారీ వెయ్యాలి. పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క వేసి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచెయ్యాలి. పైన నూనె మెరుస్తోందంటే ఎక్కువైనట్టే.

చైను అరిగిందో లేదో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ డ్రాయింగ్ స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను నడిమి నుంచి, దాన్ని లెక్కలో కలపకుండా, ఇరవై నాలుగో పిన్ను నడిమికి సరిగ్గా 12 అంగుళాలు. అది పదహారో వంతు అంగుళం పెరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాటితే చైనుతోపాటు ఫ్రీవీలు కూడా పోయినట్టే, అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే పాత పళ్ల మీద జారుతుంది. ఎత్తెక్కుతూ బలంగా తొక్కినప్పుడు కటుక్కున జారితే కారణం చాలాసార్లు ఇదే.

పంచర్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. ట్యూబులో పక్కపక్కన రెండు చిన్న చీలికలుంటే అది మేకు పని కాదు, గాలి తక్కువైంది. స్పీడు బ్రేకరు మీద రిమ్ము ట్యూబుని నొక్కేసింది. 1.95 టైరుకి 40 నుంచి 50 పీఎస్ఐ ఉంచితే ఇది రాదు. ప్యాచి ఊడిపోతోందంటే సొల్యూషన్ ఆరకముందే అతికించారన్నమాట. అది పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కాలి. తొందరలో ఉన్న షాపువాడు తడిగానే వేస్తాడు, మే నెల ఎండకి అది లేచిపోతుంది. ప్యాచి వేశాక టైరు లోపల వేలు తిప్పి తుమ్మముల్లు మిగిలిందేమో చూడకపోతే రేపు మళ్లీ అదే కథ.

బ్రేకుల విషయంలో ఈ సైకిలుకి మార్కులు తక్కువ. వచ్చినవి ఇనప రిమ్ములు. పొడిగా ఉన్నప్పుడు ఫర్వాలేదు, తడిస్తే రబ్బరు జారుతుంది, ఆగే దూరం బాగా పెరుగుతుంది. సిరిపురం వైపు నుంచి బీచ్‌కి దిగే రోడ్లలో వానలో ఇది నిజంగా ప్రమాదం. దిగడం మొదలుపెట్టే ముందే రెండు బ్రేకులూ మెల్లగా ఒకసారి పట్టి రిమ్ము మీది నీళ్లు తుడిచెయ్యాలి. తర్వాత కూడా వేగం పెరగకుండా పట్టి వదులుతూ దిగాలి, చివర్లో ఒక్కసారిగా కాదు. డబ్బు పెట్టి ఏదైనా మార్చాలనుకుంటే ముందు చక్రానికి అల్లాయ్ రిమ్ము వేయించడం ఒక్కటే తగిన ఖర్చు. మిగతా సోకులన్నీ వృథా. బ్రేకు తీగ లోపల తుప్పు పడితే లివరు నొక్కాక వెనక్కి రాదు. నూనె పోసి చూడడం కన్నా తీగ, దాని తొడుగు రెండూ మార్పించడమే మేలు, పెద్ద ఖర్చు కాదు.

ఓవరాయిలింగ్ ఏడాదికి ఒకసారి చేయిస్తే చాలంటారు. విశాఖలో చాలదు, రెండుసార్లు కావాలి: వేసవి సెలవుల తర్వాత ఒకసారి, తుపాన్ల కాలం అయ్యాక ఒకసారి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటిన రోజుల్లో కురిసిన వానకి స్టాండుల్లో తడిసిన సైకిళ్ల పెడళ్ల దగ్గర, బీబీ (క్రాంకుల ఇరుసు తిరిగే చోటు) కప్పుల్లోకి నీళ్లు దిగాయి. వారంలోపు విప్పి ఆరబెట్టినవి బతికాయి, వదిలేసినవి తర్వాత తొక్కుతుంటే కరకరమన్నాయి. విప్పించినప్పుడు గోళీలన్నీ కొత్తవే వేయించాలి, పాతవాటిలో కొత్తవి కలపకూడదు. వెనక హబ్బులో ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు తొమ్మిది, ముందు హబ్బులో అంగుళంలో పదహారింట మూడు వంతులవి పది. దగ్గర నిలబడి లెక్క చూసుకోవడం తప్పు కాదు. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని గుర్తుంచుకుంటే గదిలోనే విప్పుకోవచ్చు. తెలియక బిగువు వైపు తిప్పి క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పాడుచేసుకున్నవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

డిసెంబరు ప్రత్యేకంగా ఒకటి అడుగుతుంది: లైటు. ఈ నెలలో ఇక్కడ సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, ల్యాబు అయ్యేది అయిదింటికి. ముందు లైటు కన్నా వెనక ఎర్ర లైటు ముఖ్యం, ఇసుకతోట దగ్గర హైవే దాటాల్సినవాళ్లకి మరీనూ. బ్యాటరీ పెట్టే చోట తుప్పు పడుతుంది కాబట్టి వాడని రోజుల్లో సెల్లులు తీసి ఉంచాలి.

బస్సుతో పోలిస్తే ఎలా అని జూనియర్లు అడుగుతుంటారు. అమ్మాయిలకి లెక్క మారిపోయింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో సిటీ బస్సు ఉచితం, కాబట్టి డబ్బు కోసం సైకిలు కొనక్కర్లేదు. బస్సు కోసం ఎదురుచూసే టైము మిగుల్చుకోవాలంటే కొనొచ్చు. అబ్బాయిలకి టైర్లు పక్కన పెడితే ఏడాది సైకిలు ఖర్చు వెయ్యి రూపాయల లోపే. భీమిలి వైపు కాలేజీలవాళ్లకి మాత్రం 900కే నంబరు బస్సే గతి, సైకిలు మీద అంత దూరం రోజూ పోవడం చదువుకునేవాడి పని కాదు.

ఇక చదువయ్యాక సంగతి. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటరు ప్రకటన వచ్చినప్పటి నుంచి క్యాంపస్‌లో అందరి నోటా ఉద్యోగాల మాటే. అలాంటి కేంద్రాలు కట్టడానికి పట్టే మనుషుల కన్నా కట్టాక నడపడానికి పట్టేవాళ్లు తక్కువ, అందుకని ఆశ పెట్టుకున్నా అప్లికేషన్లు అన్నిచోట్లా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. హైదరాబాద్, బెంగళూరు పోకుండా రుషికొండలో కొలువు దొరికితే ఈ సైకిలు పనికొస్తుందా? ఎంవీపీ నుంచి బీచ్ రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు 22 పళ్లతో కూర్చునే ఎక్కేయొచ్చు. అక్కడ ఐటీ కంపెనీలున్న కొండ మీదికి మాత్రం తోసుకెళ్లాలి. చొక్కా మార్చుకునే చోటు ఉంటే చెయ్యదగ్గదే, అయితే ఆ దారంతా ఉప్పుగాలి కాబట్టి కడిగే పని రెట్టింపు.

1926లో పుట్టిన యూనివర్సిటీ, నూరేళ్లకి వచ్చింది. ఉత్సవాల పెయింటు సరే, ప్రతి బ్లాకు దగ్గరా సైకిళ్లకి పైన రేకు, పక్కన ఒక గాలిపంపు ఇస్తే అంతకన్నా అడిగేదేం లేదు. నీడ లేని స్టాండులో ఎండకి టైరు పక్కలు పగులుతున్నాయి, సీటు కవరు చిరిగిపోతోంది.

అమ్మదలిస్తే ఏప్రిల్లో, సీనియర్లందరూ ఒక్కసారే అమ్మే వారం కన్నా ముందే అమ్మాలి. కొనేవాళ్లు అదే వారం దాకా ఆగాలి, ధర పడిపోయేది అప్పుడే. డబ్బు చేతులు మారే ముందు బీబీ కింద కొట్టి ఉండే ఫ్రేము నంబరు ఫోటో తీసుకుని, అది బిల్లులోని నంబరుతో కలుస్తోందో లేదో చూసుకోండి.