ఎడిన్‌బర్గ్‌కు మ్యాన్‌హోల్ నాటకం

మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక చనిపోయిన ఇద్దరు కార్మికుల మీద మేం ఆడే నాటకాన్ని స్కాట్లాండ్‌లో జరిగే ఎడిన్‌బర్గ్ ఫ్రింజ్ అనే కళోత్సవానికి తీసుకెళ్తున్నామంటే, అందరూ అడిగిన మొదటి మాట "ఎవరు పిలిచారు?" అని. ఎవరూ పిలవలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. 1947లో ఎడిన్‌బర్గ్ అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు, పిలుపు లేని 8 బృందాలు తమంతట తాము వచ్చి నాటకాలు వేసుకున్నాయి. ఫ్రింజ్ అలా పుట్టింది. ఇప్పుడు ఏటా ఆగస్టులో మూడు వారాలకు పైగా, 3000 పైచిలుకు ప్రదర్శనలు జరుగుతాయి. ఎంపిక కమిటీ లేదు, స్క్రిప్టు చూపించమనేవాళ్లు లేరు. హాలు చూసుకుని, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే చాలు. మనల్ని ఆపేది డబ్బే.

డబ్బు కన్నా ముందు వీసా. ఫ్రింజ్ బ్రిటన్ ప్రభుత్వ 'పర్మిట్ ఫ్రీ' ఉత్సవాల జాబితాలో ఉంది కాబట్టి కళాకారులకు మామూలు విజిటర్ వీసా సరిపోతుంది. కానీ కాగితాలు ఎవరివి వాళ్లకు బలంగా ఉండాలి. మేం ఆరుగురం దరఖాస్తు పెడితే ఐదుగురికే వచ్చింది. రోజుకూలీ చేసుకునే మా కుర్రాడికి బ్యాంకు ఖాతాలో చూపించడానికి ఏమీ లేదు. వాడి పాత్ర నేను వేశాను. వాడు వేసినట్టు వేయలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఖర్చు ఎవరు పెడుతున్నారో స్పష్టంగా రాసిన ఉత్తరం, వాళ్ల ఆదాయం కాగితాలు అందరి ఫైళ్లలోనూ పెట్టాల్సింది. మేం ఇద్దరి ఫైళ్లలోనే పెట్టాం.

హాలు విషయంలో మేం తప్పు చేశాం. మొదటి వారం పేరున్నచోట 50 సీట్ల చీకటి గది అద్దెకు తీసుకున్నాం. లైట్లు బాగున్నాయి, సబ్‌టైటిల్స్‌కు ప్రొజెక్టర్ ఉంది, సాంకేతిక సిబ్బంది మర్యాదగా చూసుకున్నారు. కానీ ముందు ఆటకీ మన ఆటకీ మధ్య పదిహేను నిమిషాలే. ఆ లోపలే వాళ్ల సామాను వెళ్లాలి, మనది రావాలి. మధ్యాహ్నం పూట స్లాటు, టికెట్ కొన్నవాళ్లు ఏడుగురు. రెండో వారం ఒక పబ్బు వెనక గదికి మారాం. అక్కడ అద్దె లేదు, టికెట్ లేదు, ఆట అయ్యాక గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడతాం, ఇష్టమైనంత వేస్తారు. లైటు ఒక్కటే, పక్క గదిలో గ్లాసుల చప్పుడు. అయినా జనం నిండారు. మూత పక్కకు జరిగే సన్నివేశంలో ముందు వరుసవాళ్లు కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ఇలాంటి నాటకానికి అంత దగ్గరితనమే కావాలి. మళ్లీ వెళ్తే నేరుగా ఇలాంటి గదికే వెళ్తాను.

బస కూడా అంతే. ఓల్డ్ టౌన్‌లో హాస్టల్ అంటే హాలుకు నడిచిపోవచ్చని ఆశపడ్డాం. ఆగస్టులో అక్కడ మంచం అద్దెతో మా ఊళ్లో ఇల్లే వస్తుంది, రాత్రంతా నిద్ర ఉండదు. తర్వాత లీత్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. 2023 నుంచి విమానాశ్రయం ట్రామ్ లీత్ మీదుగా న్యూహేవన్ దాకా వెళ్తోంది కాబట్టి సామానుతో ఇబ్బంది లేదు. బస్సులో నోట్లు ఇస్తే చిల్లర తిరిగి ఇవ్వరు, కార్డు తాకించడం మేలు. అన్నం మీద బెంగ పడితే నికల్సన్ స్క్వేర్ దగ్గర మోస్క్ కిచెన్ అనే హోటల్ ఉంది. కూర, అన్నం కడుపునిండా పెడతారు.

అందరికన్నా ఇబ్బంది పడింది మా డప్పు. తోలు డప్పు కాచుకోకపోతే పలకదు. రోజూ ముసురు, చలి. మొదటి రోజు, డప్పు కొట్టే మా కాక సిర్రతో కొడితే తడిగుడ్డ మీద కొట్టినట్టు వచ్చింది. హాలులో మంట పెట్టనివ్వరు. "ఏంది బిడ్డా, ఈ ఊర్ల ఎండనే కొట్టదా?" అన్నాడు కాక. చివరికి ఫ్లాట్‌లో ఉన్న హెయిర్ డ్రయ్యర్‌తో చుట్టూ తిప్పుతూ పావుగంట కాచాడు. తోలు బిగుసుకుంటున్న కొద్దీ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఫైబర్ డప్పు తెచ్చుకుంటే ఈ తిప్పలు ఉండవు. కానీ ఆ చప్పుడుకు మా నాటకంలో చావు రాదు.

పగలు హై స్ట్రీట్‌లో కరపత్రాలు పంచాలి. నోటితో చెప్తే ఎవరూ ఆగలేదు, డప్పు మోగితే ఆగారు. ఆ ఊరి కథ కూడా మాకు కలిసొచ్చింది. ఒకప్పుడు ఓల్డ్ టౌన్ మేడల్లోంచి "గార్డీలూ" అని కేకేసి మురికిని వీధిలోకి కుమ్మరించేవాళ్లు. అదంతా పల్లానికి పారి చేరిన చెరువును ఎండగట్టిన చోటే ఇవాళ అందరూ ఫొటోలు దిగే ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్ ఉంది. ఆట తర్వాత చర్చలో ఒక పెద్దావిడే ఈ సంగతి ఎత్తి, మనుషుల చేత మురికి ఎత్తించకుండా మీకు చట్టం లేదా అని అడిగారు. 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయని చెప్పాను. మురుగుకాలువ చావుకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచిందనీ, మా నాటకంలో కాంట్రాక్టర్ డబ్బు లెక్కపెట్టే చోట అంకె మార్చుకున్నామనీ చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ఆఖరి రోజు పొద్దున లీత్‌లో ట్రామ్ స్టాప్ పక్కన మ్యాన్‌హోల్ తెరిచి ఉంది. పైన మూడు కాళ్ల స్టాండు, నడుముకు తాడు, పక్కన గొట్టాల లారీ. ఒకతను గుప్పిట్లో పట్టేంత మీటరును గొయ్యిలోకి వదిలి, పైకి లాగి చూసుకుంటున్నాడు. కాక రెండు ట్రామ్‌లు వదిలేసి చూశాడు. "గాలి చూస్తున్నడా? ధర ఎంతనో అడుగు బిడ్డా" అన్నాడు. అడిగి చెప్పాను. కాక వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు.

ఆ సాయంత్రం కాంట్రాక్టర్‌ను నిలదీసే చోట, స్క్రిప్టులో లేని ఆ ధరను రూపాయల్లో గట్టిగా చెప్పాడు. సబ్‌టైటిల్‌లో లేదు కాబట్టి గదిలో మా ఐదుగురికే అర్థమైంది. హైదరాబాద్ రాగానే ఆ మాటను నాటకంలో రాసుకున్నాం.