నీలోఫర్‌లో ధాత్రి మిల్క్ బ్యాంక్, మా అనుభవం

మా పాప 30 వారాలకే పుట్టింది, 1200 గ్రాములు. ముందు చేరిన ప్రైవేట్ హాస్పిటల్లో రెండ్రోజులు నన్ను పాలు పిండమని ఒక్కరూ చెప్పలేదు, డబ్బా పాలు రాసిచ్చేశారు, ఆ కోపం నాకింకా పోలేదు. తర్వాత హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల హాస్పిటల్‌కి తెచ్చాం. ఇక్కడ సిస్టర్ పక్కనే కూర్చుని చేత్తో ఎలా పిండాలో చూపించింది, మొదట వచ్చింది నాలుగు చుక్కలే, అవి కూడా పోనివ్వకుండా సిరంజిలోకి తీసుకుంది!

నా పాలు చాలనన్నాళ్లు ఇక్కడి ధాత్రి మిల్క్ బ్యాంక్ నుంచి డోనర్ పాలు, అంటే వేరే తల్లులు దానం చేసిన పాలు ఇచ్చారు. ఎవరి పాలో ఏమో అని భయమేసింది కానీ ఇచ్చే తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ టెస్టులు చేసి, పాలని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేసి, కల్చర్ టెస్ట్‌లో క్రిములు లేవని తేలితేనే పిల్లలకి ఇస్తారంట. నెలలు నిండని పిల్లలకి డబ్బా పాలతో పేగులు దెబ్బతినే రిస్క్ ఎక్కువ, అందుకే ఫస్ట్ అమ్మ పాలు, అవి లేకపోతేనే డోనర్ పాలు.

రెండు గంటలకోసారి ఫీడ్. పిస్టన్ తీసేసిన సిరంజిని కాస్త పైకి పట్టుకుంటే ఆ 2 మిల్లీలీటర్ల పాలు పాప పొట్టలోకి వేసిన ట్యూబులో మెల్లగా దిగేవి, చూస్తూ ఊపిరి బిగబట్టేదాన్ని. మూడో వారానికి నాకే పాలు మిగిలాయి, నేనూ బ్యాంక్‌కి ఇచ్చొచ్చా.